సగటు జీతం

ఆ కాలేజీలో ఎనిమిదో నంబరు గదిలో కూర్చునే కౌన్సెలర్‌ని పిల్లలు ఓదార్పు మేడం అనేవాళ్ళు. మొదట్లో వెటకారానికి పెట్టిన పేరే. ఆరేళ్ళయ్యేసరికి వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది. పరీక్ష తప్పినవాళ్ళు, ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్ళు, ఏ కారణమూ తెలియకుండా వారం రోజులుగా నిద్రపట్టనివాళ్ళు ఆ గదికి వచ్చేవాళ్ళు. లోపల రెండు కుర్చీలు, ఒక బల్ల. గోడకి అవతల జిరాక్స్ మిషన్ చప్పుడు. తలుపుకి గొళ్ళెం సరిగా పడదు కాబట్టి ఎవరైనా ఏడుస్తుంటే మేడమే తన కుర్చీ జరిపి తలుపుకి ఆనించి కూర్చునేది.

ప్రవేశాలకి ఇంకా నెలన్నర ఉందనగా మాస్టారు ఆ గదికి వచ్చారు. స్టూడెంట్ కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ కోర్సు నడిపే విభాగానికి ఆయనే పెద్ద. మేడం ఆ కోర్సు ఆయన దగ్గరే చదివింది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా ఆయన ఒకరోజు, "నీకు వినడం వచ్చమ్మా. అది అందరికీ రాదు" అన్నారు. ఆ ఒక్క మాటకే ఆమె బ్యాంకు అప్పు తీసుకుని చేరిపోయింది.

మాస్టారు కొన్ని కాగితాలు బల్లమీద పెట్టారు. "నలభై ఒక్క పేర్లున్నాయమ్మా. మన కోర్సు చదివి బయటికి వెళ్ళినవాళ్ళే. ఆఫీసువాళ్ళు పాత బ్యాచీల్లోంచి చీట్లు తీసినట్టు ఏరారు. అందరికీ ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి. ఎక్కడ పనిచేస్తున్నారు, జీతం ఎంత, చదువు కోసం చేసిన అప్పు ఇంకా ఎంత ఉంది."

"అప్పు సంగతి కూడానా?"

"పైనుంచి కొత్త నియమం వచ్చింది. కోర్సు అమ్మేవాళ్ళు, సారీ, నడిపేవాళ్ళు, ఈ వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలట." ఆయన తన మాటకి తనే నవ్వి, తర్వాత గొంతు తగ్గించారు. "ఈ ఏడాది ఇరవైమంది చేరకపోతే కోర్సు ఆపేస్తామంటున్నారు. నువ్వు చేస్తే నమ్మకంగా చేస్తావు. నీ పర్మినెంట్ సంగతి కూడా ఈసారి గట్టిగా అడుగుతాను."

మేడం ఉద్యోగం పదకొండు నెలల కాంట్రాక్టు. పన్నెండో నెల జీతం ఉండదు. మళ్ళీ కాగితాలు కదిలి కొత్త జీతం చేతికొచ్చేసరికి ఇంకో నెల పోతుంది. ఆ రెండు నెలలూ బ్యాంకు వాయిదా కట్టలేక చేతులెత్తేసేది. పర్మినెంట్ అనే మాట ఆమె ఆరేళ్ళుగా వింటోంది. అయినా ప్రతిసారీ కొత్తగానే వినిపించేది.

మర్నాటి నుంచి, పిల్లలు రాని గంటల్లో, ఫోన్లు మొదలుపెట్టింది. పేర్ల పక్కన అంకెలుండటంతో ఆమెకి మనుషులు అంకెలతోనే గుర్తుండిపోయారు. నాలుగో నంబరు ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉంది. ఏడో నంబరు చిన్నపిల్లల బడిలో టీచరు. కౌన్సెలింగ్ కూడా చేస్తుంది, వారానికి అరగంట, అదీ బడి వదిలాక. పదిహేనో నంబరు ఫోన్ వాళ్ళమ్మ ఎత్తింది. కాలేజీ నుంచి అని చెప్పినా ఆవిడకి నమ్మకం కుదరలేదు. "అమ్మాయి ఇంట్లో లేదు. వచ్చే నెల కడతామని చెప్పాం కదా. ఇన్నిసార్లు చేస్తే ఎలా?" అంది.

పద్దెనిమిదో నంబరు మేడం బ్యాచీ వాడే, గుండు అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు ఫ్లాట్లు అమ్ముతున్నాడు.

"అంటే కౌన్సెలింగ్ వదిలేశావా?" అని అడిగింది.

"ఎక్కడ వదిలాను? పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. ఇల్లు కొనే స్తోమత లేనివాళ్ళని కూర్చోబెట్టి, మీరు కొనగలరు అని ధైర్యం చెప్తాను." నవ్వాడు. ఆమె నవ్వేలోగా అతనే ఆగి, "అప్పు ఎంతుందో రాసుకోవాలా? రాసుకో. తీసుకున్నది ఏడు లక్షలు, ఉన్నది ఎనిమిది. నీ సంగతేంటి?" అన్నాడు.

"ఇంకా చాలా పేర్లున్నాయి, ఉంటాను" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

చదువుకునే రోజుల్లో పరిచయమున్న పదకొండో నంబరు ఒక్కతే వేరే లోకంలో ఉన్నట్టు మాట్లాడింది. పెద్ద కంపెనీలో ఉద్యోగులకి శిక్షణ ఇచ్చే విభాగంలో ఉంది. జీతం తొంభై ఐదు వేలు. అప్పు రెండేళ్ళ క్రితమే తీరిపోయింది. "నువ్వింకా కాలేజీలోనే ఉన్నావా?" అని ఆశ్చర్యపోయి, "ఎప్పుడైనా మనసు మారితే చెప్పు. మా దగ్గర ఖాళీలుంటాయి" అంది.

ఇరవై మూడో పేరు మేడందే. ఆ వరుసలో తన వివరాలు తనే రాసుకుంది. జీతం ఇరవై నాలుగు వేలు. వాయిదా పదకొండు వేలు. తీసుకున్న అప్పు ఎనిమిది లక్షలు. ఆరేళ్ళు కట్టిన తర్వాత ఉన్న అప్పు తొమ్మిదిన్నర లక్షలు. కట్టిందంతా వడ్డీకే పోయింది. తప్పిన నెలల జరిమానా మీద పడింది. ఆ అంకె ఆమెకి తెలియనిది కాదు. కానీ ఎదుటివాళ్ళ అంకెల మధ్య చూస్తే వేరేవాళ్ళెవరిదో అయినట్టు జాలేసింది. తర్వాత ఆ జాలి తన మీదేనని తెలిసి సిగ్గేసింది.

ఇరవై ఎనిమిదిమంది ఫోన్ ఎత్తి వివరాలు చెప్పారు. తనతో కలిపి ఇరవై తొమ్మిది.

మేడం అక్కా బావల ఇంట్లో ఉండేది. అమ్మ పోయినప్పుడు ఆమెకి తొమ్మిదేళ్ళు, అక్కకి ఇరవై. తల దువ్వడం నుంచి ఫీజు కట్టడం దాకా అన్నీ అక్కే చూసింది. బ్యాంకు అప్పుకి హామీ సంతకం పెట్టింది కూడా అక్కే. ఇంటి ముందుగదిలో ఒక పాత కుట్టుమిషన్ మీద బట్టలు కుడుతుంది. బావ బస్సుల రిపేరు షెడ్డులో మెకానిక్కు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బావ చెయ్యి తుడుచుకుంటూ, "మీ అక్క నీకు చెప్పిందా, యూనిఫామ్‌ల ఆర్డరు పోయిందని?" అన్నాడు.

"ఏ ఆర్డరు?"

బావ అక్క వంక చూశాడు. అక్క తల ఎత్తలేదు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఏదో జాకెట్టు చేతికి కుచ్చులు పెడుతోంది.

"ఒక బడివాళ్ళు ఆరువందల జతలు కుట్టమన్నారు చిన్నీ" అన్నాడు బావే. "రెండు మోటారు మిషన్లు, ఒక చిన్న షాపు ఉంటే అయ్యే పని. లోను కోసం బ్యాంకుకి వెళ్ళింది. మీరు హామీ ఉన్న అప్పు పదిసార్లు ఆలస్యమైంది, మీకు ఇవ్వలేం అన్నారు."

వాయిదా తప్పినప్పుడల్లా బ్యాంకు తనకే మెసేజ్ పంపుతుందనీ, తన పేరే పాడవుతుందనీ అనుకుంది. హామీదారు పేరు కూడా పాడవుతుందని ఆలోచించనే లేదు. పిల్లల కష్టాలు గంటలకొద్దీ వినే మనిషి, పక్కగదిలో అక్క ఒక ఆశ పెట్టుకుందనీ అది పోయిందనీ గమనించలేదు.

"అక్కా, ఎప్పుడు జరిగింది ఇది?"

అక్క ఒక్కో సూదీ నోట్లోంచి తీసి డబ్బాలో వేసింది. "రెండు నెలలైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి? ఆ జీతంలోంచి ఇంకేం తీసి కడతావు?" అక్క గొంతులో కోపం లేదు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఎవరికి చెప్పుకుంటాం."

"నేను నీ ప్రాణానికి..."

"చాల్లే. ఆ దారం అందుకో."

దారం అందించింది. ఆ రోజంతా ఇద్దరూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ మిషన్ తొక్కుతున్న అక్క కాలి చప్పుడు వింటుంటే ఆమెకి కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు.

ఆ వారమే ఆమె కాగితాలు మాస్టారికి ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వరుసంతా చదివారు. చదివేకొద్దీ ఆయన మొహం వాడిపోయింది. చివరికి ఒక పెన్సిలు తీసి కొన్ని పేర్ల పక్కన టిక్కులు పెట్టడం మొదలుపెట్టారు.

"ఈ రంగంలోనే పూర్తికాలం పనిచేస్తున్నవాళ్ళని లెక్కలోకి తీసుకుందాం. తొమ్మిదిమంది ఉన్నారు. సగటు జీతం ముప్పై తొమ్మిది వేలు వస్తుంది."

"పదకొండో నంబరుని కూడా కలిపారా మాస్టారూ? ఆమె కంపెనీలో శిక్షణ ఇస్తోంది."

"శిక్షణలోనూ కౌన్సెలింగ్ ఉంటుంది కదమ్మా."

"ఆమెని తీసేస్తే ముప్పై రెండు వేలే వస్తుంది. మిగతా ఇరవైమందిని ఏం చేద్దాం?"

"వివరాలు పూర్తిగా అందలేదు అని రాద్దాం." ఆయన ఆమె మొహంలోకి చూడలేదు. "అప్పు గురించి, ఎక్కువమంది కడుతున్నారు అని రాద్దాం. కడుతున్నారు కదా. ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు."

ఆయన పెన్సిలు కింద పెట్టి అన్నారు: "నేను ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాను. నా గురించి కాదు. గంటల లెక్కన చెప్పే లెక్చరర్లు ఇద్దరున్నారు. ఒకావిడ బాలింతరాలు, నీకు తెలుసు. కోర్సు ఆగితే మొదట ఇంటికెళ్ళేది వాళ్ళే. శనివారం పొద్దున చేరదలుచుకున్నవాళ్ళతో మీటింగు పెట్టాం. పాత విద్యార్థిగా నువ్వు పది నిమిషాలు మాట్లాడు. మనసుకి తోచిందే చెప్పు. అంకెలు తెర మీద ఉంటాయి."

సరేనంది. ఆయన మీద గౌరవంతో అందో, పర్మినెంట్ మీద ఆశతో అందో ఆమెకే తెలియదు.

బుధవారం ఎనిమిదో నంబరు గదికి ఒకమ్మాయి వచ్చింది. డిగ్రీ ఆఖరి ఏడాది. రెండేళ్ళ క్రితం ఆ అమ్మాయి వాళ్ళ నాన్న పోయాక చదువు మానేస్తానని టీసీ కోసం వచ్చింది. ఆఫీసులో గుమాస్తా ఎందుకో అనుమానపడి ఎనిమిదో గదికి పంపాడు. అప్పట్నుంచి ఏడాదిపాటు ప్రతి బుధవారం వచ్చి కూర్చునేది. ఇప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది.

"మేడం, నేను మాస్టర్స్‌కి అప్లై చేశాను. మన కౌన్సెలింగ్ కోర్సే. మా అన్నయ్య హామీ పెడతానన్నాడు."

అన్నయ్య ఎలక్ట్రీషియన్. తండ్రి పోయాక ఇల్లు నడిపేది అతనే.

"ఇదే ఎందుకు అనుకున్నావు?" అంది మేడం, పిల్లలందరినీ అడిగే గొంతుతోనే.

"మీ వల్లే. మీరు లేకపోతే నేను ఈపాటికి ఎక్కడుండేదాన్నో. మీలాగే అవుదామని."

చెప్పాల్సిన మాట మేడం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఈ వెలుగు ఆరిపోతుంది. చెప్పకపోతే ఇంకో ఇంట్లో ఇంకో హామీ సంతకం పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి, "శనివారం మీటింగుకి మీ అన్నయ్యని కూడా తీసుకురా" అని మాత్రం అంది. అమ్మాయి సంతోషంగా తలూపి వెళ్ళిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసి మేడం ఆ మధ్యాహ్నం ఎవరినీ లోపలికి రానివ్వలేదు.

శనివారం హాల్లో ఎనభైమంది దాకా ఉన్నారు. సగం పిల్లలు, సగం వాళ్ళ వెంట వచ్చిన పెద్దవాళ్ళు. తెర మీద ఒక పచ్చ గీత, దాని కింద 'మా పూర్వ విద్యార్థుల సగటు జీతం' అనీ, ముప్పై తొమ్మిది వేలు అనీ ఉంది. మాస్టారు నాలుగు మాటలు చెప్పి ఆమెని పిలిచారు.

ఆమె మాట్లాడింది. తన పని గురించే చెప్పింది. వచ్చిన పిల్ల గంటసేపు కిటికీ వంక చూస్తూ కూర్చుని, లేచి వెళ్తూ తలుపు దగ్గర అసలు మాట చెప్పడం. ఆ మాట కోసం కాచుకుని ఉండటం. ఇంతకన్నా ఇష్టమైన పని తనకి ఇంకోటి తెలియదని చెప్పింది. ఏదీ కల్పించి చెప్పలేదు. మాస్టారి కళ్ళు మెరిశాయి. అక్కడికి ఆపి దిగిపోయుంటే అందరికీ బాగుండేది.

అప్పుడు నాలుగో వరుసలో ఒకతను చెయ్యెత్తాడు. పక్కన బుధవారం వచ్చిన అమ్మాయి ఉంది కాబట్టి అన్నయ్యని మేడం పోల్చుకుంది.

"తప్పుగా అనుకోకండి మేడం. తెర మీద ఉన్నది సగటు అంటున్నారు. మీకు ఎంతొస్తుంది?"

కొందరు నవ్వారు. అమ్మాయి అన్న చొక్కా పట్టుకుని లాగింది. మేడం మైకు రెండో చేతిలోకి మార్చుకుంది. మాస్టారి వైపు చూడలేదు, చూస్తే చెప్పలేనని తెలుసు.

"ఇరవై నాలుగు వేలు. ఏడాదికి పదకొండు నెలలు."

"అప్పు చేసే చదివారా?"

"ఎనిమిది లక్షలు. ఆరేళ్ళ నుంచి కడుతున్నాను. ఇంకా తొమ్మిదిన్నర ఉంది." నవ్వినవాళ్ళు ఊరుకున్నారు. "హామీ మా అక్క పెట్టింది. నేను వాయిదాలు తప్పాను కాబట్టి ఈమధ్య అక్కకి బ్యాంకువాళ్ళు లోను ఇవ్వలేదు."

"మిగతావాళ్ళ సంగతి?" అని వెనకనుంచి ఎవరో పెద్దావిడ అడిగింది.

"ఇరవై తొమ్మిదిమంది వివరాలు నా దగ్గరున్నాయి. తెర మీద ఉన్నది అందులో తొమ్మిదిమందిది. ఇరవై తొమ్మిదిమందినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండేది నేనే. పద్నాలుగు మందికి నా అంత కూడా రావట్లేదు. పందొమ్మిది మందికి అప్పు తీసుకున్నప్పటికన్నా ఇప్పుడే ఎక్కువుంది."

మాస్టారు లేచి మైకు తీసుకున్నారు. "వచ్చినందుకు అందరికీ ధన్యవాదాలు" అన్నారు.

సోమవారం పొద్దున్నే ఆ అమ్మాయి వచ్చింది. కూర్చోలేదు.

"మా అన్నయ్య సంతకం పెట్టనన్నాడు."

"కూర్చోమ్మా."

"మీరు నాతో చెప్పాల్సింది మేడం. బుధవారం ఇక్కడే ఉన్నాను కదా. అంతమందిలో, మా అన్నయ్య ముందు చెప్పారు."

"అవును. తప్పే. ఆరోజే చెప్పాల్సింది."

ఆ మాట ఊహించలేదేమో, అమ్మాయి కుర్చీ వీపు పట్టుకుంది. "అంత కష్టమైతే మీరెందుకు చేస్తున్నారు మరి?"

"పని కష్టం కాదు. నాకు ఇష్టమే. ఇష్టమని ఎక్కువ అడగకుండా ఊరుకున్నాను, వాళ్ళూ ఎక్కువ ఇవ్వకుండా ఊరుకున్నారు." ఇంకా ఏదో చెప్పబోయింది. అమ్మాయి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత వరండాలో ఎదురైనా తల తిప్పుకునేది.

ఆ ఏడాది కోర్సులో పదకొండుమంది చేరడానికి వచ్చారు. వాళ్ళ డబ్బులు వాళ్ళకి తిరిగిచ్చి కోర్సు ఆపేశారు. గంటల లెక్కన చెప్పే లెక్చరర్లిద్దరికీ పని పోయింది. బాలింతరాలు తన పుస్తకాలు సంచిలో వేసుకుని ఎనిమిదో గది ముందు నుంచే వెళ్ళింది. మేడం లేచి వెళ్ళి సంచి పట్టుకోబోతే, "వద్దులెండి" అంది. తిట్టుంటే కాస్త తేలికయ్యేది. మాస్టారు మాత్రం వెబ్‌సైట్‌లో ఇరవై తొమ్మిది వరుసలూ పేర్లు లేకుండా ఉన్నవి ఉన్నట్టు పెట్టించారు. కోర్సు ఆగిపోయాక ఆ పేజీ ఎవరు చూస్తారని ఆఫీసువాళ్ళు అడిగితే, "నేను చూస్తాను" అన్నారట. పర్మినెంట్ మాట మళ్ళీ రాలేదు. కాంట్రాక్టు కాగితం మాత్రం ఎప్పట్లాగే పదకొండు నెలలకి వచ్చింది.

మేడం ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. పదకొండో నంబరుకి ఫోన్ చేసింది.

చివరిరోజు మాస్టారి గదికి వెళ్తే ఆయన కుర్చీలోంచి లేచారు. "నేను నిన్ను ఈ చదువులోకి దింపాను తల్లీ" అన్నారు. "వినడం వచ్చు అన్నాను గానీ, విన్నందుకు ఎంతిస్తారో నేనూ అడగలేదు." ఆమె ఆయన కాళ్ళ వైపు చూస్తూ నిలబడింది. కోపం రాలేదు. ఎప్పటి గౌరవమూ రాలేదు. రెండూ లేకుండా ఆయన ముందు నిలబడటం ఆమెకి అదే మొదటిసారి.

కంపెనీలో జీతం యాభై ఐదు వేలు. పని, కొత్తగా చేరినవాళ్ళకి కస్టమర్లతో ఎలా మాట్లాడాలో నేర్పడం. అద్దాల గదిలో, తెర మీద బొమ్మలు మారుస్తూ, "ఎదుటివాళ్ళ కోపాన్ని మనమీద తీసుకోకూడదు" అని రోజుకి నాలుగు బ్యాచీలకి చెప్తుంది. నెలకి ముప్పై వేలు బ్యాంకుకి కడుతోంది. పేరుకున్న వడ్డీ, జరిమానాలు తీరి, పది నెలలకి మొదటిసారి అసలు మొత్తం తగ్గింది. ఆ కాగితం తెచ్చి అక్కకి చూపిస్తే, అక్క కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి, మడిచి డబ్బాలో పెట్టింది. అక్క పేరు మీద మచ్చ పోవడానికి ఇంకో రెండేళ్ళు పడుతుందని బ్యాంకులో చెప్పారు. ఆ యూనిఫామ్‌ల ఆర్డరు వేరే షాపతను పట్టుకున్నాడు. అక్క అతని దగ్గర జతకి ఇంతని కూలికి కుడుతోంది.

"నా ఆర్డరే, నేనే కుడుతున్నా. లాభం మాత్రం వాడిది" అని అక్క నవ్వింది. మేడంకి నవ్వు రాలేదు.

ఒకరోజు భోజనాల వేళ ఆమె ఫోన్‌కి తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది. బుధవారాల అమ్మాయి. ఏడాదిన్నర తర్వాత ఆ గొంతు వినడం.

"మేడం, నేను పిల్లల హాస్టల్లో వార్డెన్‌కి సహాయంగా చేరాను. జీతం పెద్దగా లేదు. దాచుకుంటున్నాను, సాయంత్రాలు చదివే కోర్సేదైనా దొరికితే, అప్పు లేకుండా..." మధ్యలోనే ఆపేసింది. "దానికోసం కాదులెండి చేసింది. ఇక్కడ ఒక పాప ఉంది. వచ్చి ఎనిమిది రోజులైంది. తింటుంది, పడుకుంటుంది, ఒక్క మాట మాట్లాడదు. నాకేం చెయ్యాలో తెలియట్లేదు."

మేడం వరండా చివరికి నడిచింది. "ఎన్నేళ్ళు?"

"ఏడు."

"నువ్వు బట్టలు మడతపెడతావా అక్కడ?"

"పెడతాను. ఎందుకు?"

"మడతపెట్టేటప్పుడు ఆ పాప దగ్గర్లో కూర్చో. చిన్నవి ఆమె ముందు పెట్టు. అడక్కు. ముట్టుకుంటే ముట్టుకుంటుంది, లేకపోతే లేదు."

"ముట్టుకోకపోతే?"

"రేపు మళ్ళీ కూర్చో."

అద్దాల గదిలోంచి ఎవరో చెయ్యూపి బ్యాచీ మొదలవుతోందని సైగ చేశారు. ఆమె ఐదు వేళ్ళూ చూపించి, ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "ఇంకా చెప్పు. రాత్రిపూట లైటు ఆర్పితే ఏం చేస్తుంది?" అని అడిగింది.